తోకల మాస్టారు

పోయిన నెల ఎయిర్‌పోర్టు నుంచి అమెరికాలో మేముండే ఊరు క్యారీలోని ఇంటికి క్యాబ్‌లో వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. సూట్‌కేసు చక్రం ఒకటి ఊడిపోయి చిరాగ్గా ఉన్నాను. డ్రైవరుకి ముప్పై ఏళ్లుంటాయి. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఇంట్లోవాళ్లతో తన భాషలో మాట్లాడుకుంటున్నాడు. నేను పట్టించుకోలేదు. ఉన్నట్టుండి “ఉయిమిజ్‌గ” అన్నాడు. అంతే, నా నోరు ఊరుకోలేదు. “ఉయ్ అంటే ఇల్లు, ఇమిజ్ అంటే మా, గ అంటే కి. మా ఇంటికి!” అని ఎక్కం అప్పజెప్పినట్టు పైకే అనేశాను.

అతను అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూడ్డంలో తీసుకోవలసిన ఎగ్జిట్ కాస్తా దాటిపోయింది.

“మీరు ఉజ్బెకా?”

“కాదు బాబూ, తెలుగు.”

“మరి మా భాష మీకెవరు నేర్పారు?”

“ఇక్కడే ఒక టైలరు ఉండేవారు. మీ దేశంలో స్కూలు మాస్టారట. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది.”

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. అతను రెండు అరచేతులూ ముఖం ముందుకు తెచ్చి, మెల్లగా కిందికి దించి, పోయినవారి కోసం ఏదో ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత ఇంటిదాకా ఆయన గురించే చెప్పుకుంటూ వచ్చాను. అయినా తనివి తీరలేదు, అందుకే మీకూ చెబుతున్నాను.

మేం సరుకులు కొనే ఇండియన్ స్టోర్ వరసలోనే, నెయిల్ సెలూన్‌కి అవతల ఉండేది ఆయన షాపు. బోర్డు మీద ‘ఆల్టరేషన్స్’ అన్న ఒక్క మాటే. మా ఆయనది నడుము ఒక కొలత, కాళ్లు ఇంకో కొలత. అమెరికాలో ఎక్కడ ప్యాంటు కొన్నా కింద మూడంగుళాలు కత్తిరించాల్సిందే. ఆ మూడంగుళాల పుణ్యమా అని నాకు ఆ షాపు తెలిసింది.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఫోన్‌లో మా అక్కతో మాట్లాడుతూ లోపలికి అడుగుపెట్టాను. లైన్ సరిగ్గా లేదు. “అక్కా! వినపడుతోందా? అక్కా!” అని అరుస్తున్నాను. తెర వెనక నుంచి ఎవరో “వస్తున్నా, వస్తున్నా!” అని ఇంగ్లిషులో కేకేశారు. “అక్కా, నీ మాట కట్ అవుతోందే!” అన్నాను. “ఒక్క నిమిషం!” అని మళ్లీ కేక. తెర తొలగించుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. నల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టిన నాలుగు పలకల టోపీ, తెల్ల మీసాలు, మెళ్లో టేపు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు.

“ఎందుకు పిలిచావమ్మా?” అన్నాడు, సూదులు తీయకుండానే.

“నేను పిలవలేదండీ. మా సిస్టర్‌తో మాట్లాడుతున్నాను.”

“సిస్టర్‌ని ‘అక’ అంటారా మీరు? అక అంటే బ్రదర్! పెద్ద బ్రదర్!”

“మా దగ్గర అక్క అంటే పెద్ద సిస్టరే.”

“మీ సిస్టర్‌కి మీసాలున్నాయా?” అని ఆయన సూదులు చేతిలోకి ఉమ్మి పగలబడి నవ్వాడు. అప్పటికి మా పరిచయం రెండు నిమిషాలది.

మా మాటలన్నీ ఇంగ్లిషులోనే సాగేవి. ఆయన ఇంగ్లిషు ముక్కలు ముక్కలుగా ఉండేది, నేను తెలుగు చేసి రాస్తున్నాను. ఆ రోజు నేను ఫోన్ పెట్టేసే ముందు అక్కతో “బజారుకి వచ్చానే, మళ్లీ చేస్తా” అన్నాను. ఆయన కొలుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

“ఇప్పుడేమన్నావు? బజారు, తర్వాత ఏదో తోక పెట్టావు.”

“బజారుకి. టు ద మార్కెట్.”

“మేం బొజోర్‌గ అంటాం! మరి చాలా బజార్లయితే?”

“బజార్లకి.”

“బొజోర్‌లర్‌గ!” అని అరిచి, చేతిలో ఉన్న చాక్‌ముక్కతో మా ఆయన కొత్త ప్యాంటు మీద అడ్డంగా రాసేశాడు. బొజోర్, లర్, గ. దాని కింద నన్నడిగి బజార్, ల, కి. “చూడు! నీకూ లకారమే, నాకూ లకారమే. నువ్వు కి, నేను గ. ఇన్నాళ్లూ ఎక్కడున్నావమ్మా?”

“అది మా ఆయన ప్యాంటండీ!” అన్నాను. “దులిపితే పోతుంది, తోకలు ఎక్కడికీ పోవు” అన్నాడు. చుట్టరికం లేదు, పాడూ లేదు, రెండు భాషలకీ పొరుగూరు సంబంధం కూడా లేదని ఆయనకి నాకన్నా బాగా తెలుసు. అయినా ఆ సంతోషం ఆపుకోలేకపోయాడు.

విభక్తులనీ, ప్రత్యయాలనీ మనం స్కూల్లో బట్టీ పట్టినవాటిని ఆయన తోకలు అనేవాడు. ముప్పై ఏళ్లు వాళ్లూళ్లో పిల్లలకి మాతృభాష వ్యాకరణం చెప్పాడు. కొడుకు ఇక్కడ ట్రక్కు నడుపుతూ పిలిపించుకుంటే వచ్చి, తన తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టుపనితో షాపు పెట్టాడు. “పని మారలేదు. ప్యాంటుకైనా మాటకైనా పనంతా కొసలోనే ఉంటుంది” అనేవాడు. షాపులో ముగ్గురు కస్టమర్లు చేరితే వాళ్లకి కూడా వ్యాకరణం తప్పేది కాదు. “మాట ఇంటివాడు, తోకలు చుట్టాలు. ముందు ‘లర్’ వస్తుంది, ఎంతమందో చెబుతుంది. తర్వాత ‘ఇమ్’, ఎవరిదో చెబుతుంది. చివర ‘గ’, ఎక్కడికో చెబుతుంది. కితోబ్‌లరిమ్‌గ, నా పుస్తకాలకి. తోసుకోకూడదు. మీరు గ, ఆవిడ లర్. ఆగండి!” గౌను తెచ్చిన అమెరికన్ ఆవిడ బుద్ధిగా ఆగేది. తను గ ఎందుకయిందో పాపం ఆవిడకేం తెలుసు.

నా తెలుగు మీద ఆయనకి రెండు ఫిర్యాదులుండేవి. ఒకటి, ఇల్లు. “ఇల్లు, ఇల్లుకి. అంతేగా?” అన్నాడొకరోజు. “కాదు, ఇంటికి” అన్నాను. ముఖం మాడిపోయింది. “తోక పెట్టగానే తల మారిపోతుందా? నీకు ప్యాంటు కుట్టిస్తే నువ్వు వేరే మనిషివైపోతావా?” కన్ను కంటికి, చెయ్యి చేతికి, నుయ్యి నూతికి అని నేను చెప్పుకుంటూపోతే ఆయన చెవులు మూసుకున్నాడు. “మీ మాటల్ని నమ్మి అప్పు కూడా ఇవ్వకూడదు!” అన్నాడు. “మీతో వాదించలేక తల ప్రాణం తోకకొస్తోంది” అన్నాను విసుగ్గా. దాని అర్థం చెప్పమని ఆయన పట్టుబట్టాడు. చెప్పాక కుర్చీలో కూలబడ్డాడు. “ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. వ్యాకరణం అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. మీవాళ్లు చెప్పేశారు!” అని ఆ వాక్యం రాయించుకుని అద్దానికి అంటించుకున్నాడు. తెలుగువాళ్లు ట్రయల్ కోసం అద్దం ముందు నిలబడి అది చదువుకుని నావైపు అదోలా చూసేవారు.

రెండో ఫిర్యాదు కొంచెం నొప్పించేదే. “ఇంగ్లిషువాడు చూడు. మై హౌస్, మై కార్. ముందు తను దూరతాడు, వెనక వస్తువు. మా దగ్గర ముందు వస్తువు, వెనకాల నేను. అదీ ఎంత? ఒక్క ‘మ్’. పెదాలు మూస్తే చాలు. మర్యాదంటే అదీ. మరి నువ్వు?” అన్నాడు. మేం కూడా నా ఇల్లు, మా ఇల్లు అని ముందే పెడతామని ఒప్పుకోక తప్పలేదు. ఆయన నాలుక చప్పరించి, “మంచి భాష. ఒక్కటే లోపం” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నన్నేమన్నా పడతాను గానీ, భాష జోలికొస్తే ఊరుకుంటానా? వారమంతా ఆలోచించి, ప్యాంటు తీసుకునే వంకతో వెళ్లి ఒక్కొక్కటే వదిలాను. “నేను తెలుగుదాన్ని. నువ్వు తెలుగుదానివి. మేం తెలుగువాళ్లం. చూశారా, నేనూ నువ్వూ మేమూ అంతా కొసనే ఉన్నాం!” ఆయన మిషన్ ఆపేసి లేచాడు. “మెన్ ఒకితువ్చిమన్! ఐయామ్ టీచర్. ఆ చివరి ‘మన్’ నేనే! మరి నేను టీచరు అంటే మీకు?” చెప్పాను. ఆ రోజు నుంచి ఏ తెలుగువాడు షాపులోకి వచ్చినా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని “నేను టీచర్‌ని” అనేవాడు. టైలర్‌ని అనమంటే మాత్రం అనలేదు.

ఆయన ‘మ్’ని ఎవరికైనా ధారాళంగా ఇచ్చేసేవాడు. నన్ను మొదటి రోజే ‘సింగ్లిమ్’ చేసేశాడు. సింగిల్ అంటే చెల్లెలు, చివర మకారం ఆయనది, మొత్తం నా చెల్లెలు. నెయిల్ సెలూన్ అమ్మాయిలు, పోస్టు తెచ్చే మనిషి, అందరికీ ఏదో ఒక వరస, వరస చివర ఒక మ్. నేను మాత్రం మీసాలున్న మనిషిని పట్టుకుని అక్కా అనలేక, మాస్టారూ అని సరిపెట్టుకున్నాను.

ఇంతమందికి పంచిన మనిషికి తనకంటూ ఒక్క మ్ కావాలని ఉండేది. అది ఆయన మనవరాలు లోలా దగ్గరే ఉంది.

లోలాకి ఆరేళ్లు. తండ్రి ట్రక్కు మీద వారాల తరబడి బయటే ఉండేవాడు. తల్లి అమెరికన్, మంచి అమ్మాయి, ఆస్పత్రిలో నర్సు. వారానికి రెండు రోజులు స్కూలయ్యాక పిల్లని షాపులో దింపి వెళ్లేది. లోలాకి ఇంగ్లిషు తప్ప ఇంకోటి రాదు. తాతని ‘బోబో’ అనేది. నేను ముచ్చటపడి, “తాత అని మీ భాషలోనే పిలుస్తోందే!” అన్నాను.

మాస్టారు గుడ్డ మీదనుంచి తలెత్తలేదు. “వీధిలో పోయే ముసలివాడు కూడా బోబోనే. బోబోమ్ అంటేనే నా తాత. అప్పుడు ఆ మాట నా ఒక్కడిదీ.”

“అయితే నేర్పండి. మీరు టీచరు కదా!”

“మిగతా తోకలన్నీ నేర్పుతాను. ఇది నేర్పను. అడిగి పెట్టించుకున్న మ్ హోంవర్కు. హోంవర్కు నాకెందుకు?”

“సరే, కూర్చోండి అలాగే” అన్నాను కోపంగా. పంతానికి పోయే మగవాళ్లని చూస్తే నాకు మొదటి నుంచీ పడదు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. కొడుక్కి టెక్సస్‌లో పని దొరికింది. స్కూలు సెలవులివ్వగానే ముగ్గురూ వెళ్లిపోతున్నారు. షాపు లీజు ఇంకా ఉంది కాబట్టి ఈయన ఇక్కడే ఉంటాడు. సెలవులకి ఇంకా పది వారాలున్నాయి.

నేనేమో చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. మా మేఘనని రంగంలోకి దింపాను. మేఘనకి అప్పుడు పదేళ్లు, ఇక్కడే పుట్టింది. దాని తెలుగులో తోకలు ఉండవు. “అమ్మా, నేను స్కూల్ వెళ్లా. నాన్న కీస్ టేబుల్ ఉంది” అంటుంది. “టేబుల్ మీదా, కిందా, లోపలా?” అని నేను అరుస్తాను. అలాంటి పిల్ల మాస్టారి దగ్గర ఉజ్బెక్ తోకలు మాత్రం గబగబా పట్టేసింది. లెగో ముక్కల్లా ఉన్నాయట. మా తెలుగు ముక్కలకేం రోగమో నాకు తెలీదు.

“లోలాకి బోబోమ్ అనడం నేర్పు. తాతగారికి మాత్రం తెలియనివ్వకు” అన్నాను.

“సీక్రెట్ మిషనా?” అంది. “ఓకే, డన్.”

తర్వాతి బుధవారం ఇద్దరూ బట్టల స్టాండు వెనక చేరి గుసగుసలాడుకున్నారు. మేఘన ఆయన్ని వేలితో చూపించి ఏదో చెప్పింది, లోలా తలూపింది. నేను ఏమీ ఎరగనట్టు బొత్తాలు చూస్తున్నాను. లోలా కౌంటరు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, తలెత్తి, గట్టిగా అంది.

“బోబోంగ్!”

మాస్టారు కత్తెర పక్కన పెట్టాడు. కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

జరిగిందేమిటంటే, మ్ అంటే నా, ంగ్ అంటే నీ. మేఘన లోలాకి ఆయన్ని చూపించి “నీ తాత” అని చెప్పింది. అందుకని బోబోంగ్ అంది. వ్యాకరణం ప్రకారం వందకి వంద మార్కులు. లోలా అది ఆయన పేరనుకుని, ఉన్నదున్నట్టు తీసుకెళ్లి ఆయనకే అప్పజెప్పింది. తాతని పట్టుకుని “నీ తాతా!” అని పిలిచిందన్నమాట.

“దిద్దండి మాస్టారూ!” అన్నాను. 

“దిద్దను. తోకంటూ పెట్టింది, తన చేత్తో పెట్టింది. ఇన్నాళ్లూ అదీ లేదు.”

ఇక చూడాలి. ఎవరు షాపులోకి వచ్చినా లోలా ఎదురెళ్లి “బోబోంగ్ లోపలున్నాడు” అనేది. నీ తాత లోపలున్నాడు! సూటు పట్టుకొచ్చిన ఆరడుగుల లాయరుకీ, పిజ్జా తెచ్చినతనికీ, మా ఆయనకీ, అందరికీ ఆయన తాతే. “క్యారీ ఊరంతా నా మనవలే. ఇంత సంసారం నాకెప్పుడూ లేదు” అని ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నేను కూడా నవ్వాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ మే నెలలో ఒక సాయంత్రం ప్యాంటు ఇవ్వడానికి వెళితే షాపులో ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయన వెనక్కి తిరిగి నల్ల కోటు గుడ్డ మీద చాక్‌తో ఏదో రాస్తున్నాడు. బోబో అని రాశాడు. చివర మ్ రాశాడు. కాసేపు చూసుకుని, ఆ మ్ ఒక్కటీ వేలితో దులిపేశాడు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. నాకు ఏడుపొచ్చింది. ప్యాంటు మళ్లీ కార్లో పెట్టుకుని, ఆయనకి కనపడకుండా ఇంటికొచ్చేశాను. దారిలో, వెనక సీట్లో ఉన్న మేఘన మీద అరిచాను. “నీకెందుకే చెప్పాను, ఒక్క మ్ నేర్పమంటే నేర్పలేకపోయావు!” అది మూతి ముడుచుకుని, “ఐ ట్రైడ్, అమ్మా. లోలా వినట్లేదు. అదే నేమ్ అంటోంది” అంది.

జూన్ వచ్చింది. వెళ్లే రోజు శనివారం పొద్దున్న కారు నిండా సామాను వేసుకుని షాపు ముందు ఆపారు. కారు పైన కూడా రెండు పరుపులు కట్టారు. మాస్టారు కొత్త టోపీ పెట్టుకుని, మీసాలు కత్తిరించుకుని, పెళ్లికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. కొడుకు వచ్చి కౌగిలించుకున్నాడు, కోడలు కౌగిలించుకుంది. లోలా నోట్లో లాలీపాప్‌తో “బై, బోబోంగ్!” అని కులాసాగా చెప్పి కారు వైపు తిరిగింది. ఆరేళ్ల పిల్లకి టెక్సస్ అంటే స్విమ్మింగ్ పూల్ అని చెప్పిపెట్టారు. ఆయన నవ్వుతూనే చెయ్యూపాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

మేఘనకి ఏమనిపించిందో తెలీదు. నా చెయ్యి విడిపించుకుని వెళ్లి, ఆయన నడుము చుట్టూ చేతులు వేసి, ముఖం దాచుకుని ఏడుస్తూ అంది. “డోంట్ బి సాడ్, బోబోమ్. మేం ఉంటాం కదా, బోబోమ్.”

లోలా ఆగిపోయింది. నోట్లోంచి లాలీపాప్ తీసింది.

“ఏమన్నావు?”

“బోబోమ్” అంది మేఘన, ముక్కు తుడుచుకుంటూ. “మై గ్రాండ్‌పా అని.”

లోలా ముఖం ఎర్రగా కందిపోయింది. లాలీపాప్ నేలకేసి కొట్టి, పరుగున వచ్చి, తనకన్నా జానెడు పొడుగున్న మేఘనని రెండు చేతులా తోసేసింది.

“నో! నువ్వు బోబోంగ్ అనాలి! నువ్వు బోబోంగ్! నేను బోబోమ్!”

అని ఆయన కాలికి చుట్టుకుపోయి, “బోబోమ్! బోబోమ్! బోబోమ్!” అని మేఘన వైపు గుడ్లురుముతూ అరిచింది.

కూతురు పడబోయిందన్న కంగారులో నేను మేఘన మీదే విరుచుకుపడ్డాను. “వెళ్లేటప్పుడు చిన్నపిల్లని ఏడిపిస్తావా? కావాలనే అన్నావు కదూ!”

“కావాలని కాదమ్మా,” అని మేఘన ఏడ్చింది, “నాకు కూడా అనాలనిపించింది.”

మాస్టారు చెయ్యెత్తి నన్ను ఆపాడు. అప్పటికే పేవ్‌మెంటు మీద కూలబడి ఉన్నాడు, కొత్త టోపీ పక్కకి ఒరిగిపోయి. “ఆ పిల్లని తిట్టకు సింగ్లిమ్. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.”

లోలాని ఆయన నుంచి విడదీయడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ కావాల్సి వచ్చింది. ఎత్తుకెళ్లి సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. కారు కదిలింది. కిటికీలోంచి సగం మనిషి బయటికి వచ్చి “బోబోమ్!” అని ఒకటే కేకలు. ఇండియన్ స్టోర్ ముందు జనం బండ్లు ఆపి చూస్తున్నారు. మాస్టారు పార్కింగ్ లాట్ మధ్యలోకి వెళ్లి నిలబడి, ప్రతి కేకకీ చెయ్యెత్తి “నేనే! నేనే!” అని బదులిస్తున్నాడు. కారు రోడ్డెక్కి మలుపు తిరిగిపోయింది. పిల్ల గొంతు వినపడడం ఆగిపోయింది. ఆయన మాత్రం అక్కడే నిలబడి, “నేనే, నేనే” అంటూనే ఉన్నాడు.